గొంగడి అట్ట పుస్తకాలు

మా అక్క అంకమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా పుస్తకాన్ని ఆమె పట్టుకున్నంత ఒద్దికగా పట్టుకునే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఎవరైనా పుస్తకం చేతికిస్తే ముందు రెండు అరచేతుల మీదా పెట్టుకుని బరువు చూసేది. తరవాత కుట్టు ఉన్న వీపు వైపు బొటనవేలితో పైనుంచి కిందికి రాసేది. ఆ పైన నడిమికి తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిదానంగా వాసన పీల్చేది. "ఇది ఎండ చూసి శానా దినాలైంది" అనో, "దీన్ని పొయ్యి కాడ పెట్టినారు, ముండమోపులు" అనో తేల్చి చెప్పేది. నేను చదువుకుని, పిల్లలకు తెలుగు చెప్పి, రిటైరయ్యాక నా పేరుతో పుస్తకం అచ్చేయించుకుని ఎంతో సంబరంగా తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను. అదే తంతు జరిపి, "జిగురు కంపు తప్ప ఏం లేదే దీంట్లో. కుట్టు కూడా ఎయ్యలేదు, ఊరికే అంటిచ్చినారు" అని పక్కన పెట్టేసింది. నాకు ఎంత మండిందంటే, చెప్పకుండానే బస్సెక్కి వచ్చేశాను. నెల తిరక్కముందే ఆ పుస్తకంలో నడిమి పేజీలు ఊడి చేతికొచ్చాయి.

అట్లాంటి మా అక్క ఇప్పుడు గిద్దలూరులో, స్టేషనుకు పోయే దారిలో, కూతురు సుజాత ఇంట్లో మంచం మీద ఉంది. సుగరు ముందు కళ్ళు తినేసింది, తరవాత కిడ్నీల మీద పడింది. పెద్దాసుపత్రిలో చూపించి చూపించి, చివరికి వాళ్ళు "ఇంక ఇంటికి తీసుకుపోండమ్మా, ఇష్టమైంది పెట్టండి" అన్నారు. ఇష్టమైంది పెట్టాలంటే మనిషి నోరు తెరవాలి కదా! సుజాత ఫోన్ చేసి ఏడ్చింది. "చిన్నమ్మా, అమ్మ అన్నం మానేసింది. గంజి కూడా వద్దంటాంది. పుస్తకం తెమ్మంటాంది. ఏం పుస్తకమో నాకు తెలీదు, నువ్వు రా." నాకు మాత్రం వినగానే తెలిసింది. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి గిద్దలూరులో దిగాను.

నా అడుగు చప్పుడుకే గుర్తుపట్టింది. "వచ్చినావా లచ్చిమీ" అంది. చెయ్యి చాపింది. ఒకప్పుడు అదే చెయ్యి ఉన్నిని దారంగా తీస్తుంటే చూపు తిప్పుకోలేకపోయేదాన్ని. ఇప్పుడు తోలు, ఎముక, సూది గుచ్చిన నల్ల మచ్చలు.

"నేను కట్టిన పుస్తకం ఒకటి తెచ్చి నా చేతుల్లో పెట్టు. అంతవరకూ నాకేం వద్దు" అంది.

"యాడని తెచ్చేదక్కా? మన ఇంట్లో ఒక్కటన్నా ఉంచుకున్నామా?"

"ఎన్ని ఊర్లకు పోయినాయే! అన్నీ సచ్చిపోయినాయా ఏంది?"

"సరే, ముందు రెండు ముద్దలు తిను. తిన్నాక పోతా."

"నువ్వు తెచ్చినాక తింటా." మొహం గోడ వైపు తిప్పుకుంది. కాసేపటికి మళ్ళీ తనే అంది. "వంట చేస్తిని, పిల్లను కంటిని, జీవాల ఎంబడి తిరిగితిని. అవి అందురూ చేసినారు. ఇదొక్కటే నేను చేసింది. ఒకసారి తడుముకుని పోతానే. ఆ మాత్రం చెయ్యలేవా, అంత చదివినావు?"

అక్కకు ఎప్పటినుంచో అంతే, పట్టిందంటే వదలదు. సుజాత వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. వెతికి తెస్తానని అక్క తలమీద చెయ్యి వేసి మాటిచ్చాను. ఇచ్చేశాక గానీ తెలిసిరాలేదు, ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియదని.

మా పుట్టిల్లు త్రిపురాంతకం రోడ్డు దిగి లోపలికి నడిచిపోతే వచ్చే ఊళ్ళో ఉండేది. మావి గొర్రెలు, నాయన పని గొంగళ్ళు నేయడం. ఇంట్లో రెండే గదులు, వాటిలో మంచిది మగ్గానిది. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నాయన పొద్దుటినుంచీ కూర్చునేవాడు. మేం నలుగురం రెండో గదిలో సర్దుకునేవాళ్ళం. నాకు మెలకువ వచ్చేది అమ్మ మంగలంలో చింతగింజలు వేయించే వాసనకు. కమ్మగా మొదలై కొంచెం మాడు తగిలేదాకా ఆగి దించేది. వాటిని రోట్లో వేసి పొట్టు రాలగొట్టి, నానబెట్టి, రుబ్బి, పెద్ద కుండలో ఉడికిస్తే చిక్కటి గంజి అయ్యేది. పడుగు పోగులకు ఆ గంజి కుంచెతో పూసి ఎండబెడితేనే గొంగడి బిర్రుగా నిలబడుతుంది, వాన నీళ్ళు దిగవు. గొర్రెల్ని గుండ్లకమ్మ ఏట్లో కడిగి, బొచ్చు కత్తిరించి తెచ్చిన రోజుల్లో ఇల్లంతా తడి ఉన్ని కంపు. బళ్ళో పిల్లలు నా పక్కన కూర్చోకుండా ముక్కు మూసుకునేవాళ్ళు. ఇంటికొచ్చి ఏడిస్తే నాయన "వాళ్ళు చలికాలం ఏం కప్పుకుంటారో అడిగిరా పో" అనేవాడు. అక్క మాత్రం బడికి పోలేదు. వడికే చెయ్యి ఇంట్లో ఒకటి ఉండాల్సిందే కాబట్టి ఆమెను ఆపి నన్ను పంపారు. నీళ్ళకు పోతున్నా, ఎనుముల్ని తోలుకొస్తున్నా ఆమె చేతిలో కదురు తిరుగుతూనే ఉండేది. నేను బడినుంచి రాగానే నా సంచిలోంచి వాచకం లాక్కుని బొమ్మలు చూసేది. ఒక్కో బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగేదో!

మా ఇంటికి పుస్తకాలు రావడం మొదలైంది ఆ గంజి వల్లనే. ఊళ్ళో పురాణం చదివే సుబ్బరాయుడు తాత ఒకరోజు ముంత పట్టుకుని వచ్చాడు.

"ఒరే యల్లయ్యా, ఇంత చింతగింజల గంజి పొయ్యిరా. పుస్తకం ఆకులు ఊడిపోతాండాయి" అన్నాడు.

"గంజితో అయ్యే పనేనా పెద్దయ్యా? పుస్తకం తెచ్చి చూపియ్యి" అన్నాడు నాయన.

తాత బియ్యం సంచిలో చుట్టి తెచ్చాడు. నాయన తిరగేసి చూసి, "కుట్టు పోయింది. ఈడ పెట్టిపో, చూస్తా" అన్నాడు.

"గొంగళ్ళు నేసేవోనికి పుస్తకమెట్ల తెలుసురా?"

"నాకు చదవను తెలీదు పెద్దయ్యా. కుట్టను తెలుసు."

తాత వెళ్ళాక మేమంతా దాని చుట్టూ కూర్చున్నాం. అంత అందమైన వస్తువు మా ఇంటి గడప లోపలికి అంతకు ముందు రాలేదు. తాత ముత్తాతల కాలంలో మద్రాసులో అచ్చయిందట. దళసరి కాగితం, మీగడ రంగుకు తిరిగింది. ప్రతి పేజీ చుట్టూ ఎర్ర సిరాతో సన్నటి తీగ, తీగకు మొగ్గలు. అక్షరాలు శనగ గింజలంత పెద్దవి. వాటిని తడిమితే వేలికి గుంట తగిలేది. ప్రతి కథ మొదట్లో పేజీ నిండా ఒక బొమ్మ. కొయ్యమీద చెక్కి అచ్చువేసిన బొమ్మలవి. సముద్రం బొమ్మలో నీళ్ళన్నీ వెంట్రుకంత గీతలే. అక్క ఆ బొమ్మ ముందు గొంతుక్కూర్చుని, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. "ఈ గీతలు గీసినోనికి కండ్లు పోయింటాయే. ఎవురు సూస్తారని గీసినాడో పాపం" అంది. నాయన కుట్టు ఊడదీశాడు. పుస్తకమంటే విడి ఆకులు కాదని, నాలుగేసి కాగితాలు మడిచి ఒకదానిలో ఒకటి దూర్చిన కట్టలని, ఆ కట్టల మడతల్లోంచి దారం పోతుందని మాకు ఆ రోజే తెలిసింది. అక్క దారాన్ని నోట్లో తడిపి, మొన కొరికి, దబ్బనానికి ఎక్కించింది. పాత పేపర్లు గంజితో ఒకదానిమీద ఒకటి అంటించి, మార్కాపురం పలకరాయి బండ కింద అణిచిపెడితే అట్ట తయారైంది. ఆ అట్టమీద చుట్టడానికి గుడ్డ కావాలి. మా ఇంట్లో ఉన్న గుడ్డ గొంగడి గుడ్డే.

మామూలు గొంగడి గరుగ్గా ఉంటుందని, గొర్రెపిల్లలకు మొదటిసారి తీసిన ఉన్ని వడికి అక్క పలచటి గుడ్డకు దారం తీసింది. నాయన నేశాడు. దాని అంచుకు అక్క తెల్ల దారం, గోధుమ దారం కలిపి అలలు కుట్టింది. రంగు వేసిన దారం ఒక్కటి లేదు, అన్నీ గొర్రెల మీద పుట్టిన రంగులే. లోపల సముద్రం ఉంది కాబట్టి పైన అలలు ఉండాలని ఆమె లెక్క. నాయన "అంచెందుకమ్మే, పొద్దుపోతాది" అన్నా వినలేదు. తాత వచ్చి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పట్టుకుంటే చేతికి వెచ్చగా ఉందన్నాడు. తెరిచి, ఆకుమీద ఉన్ని నూగు కనిపిస్తే చేత్తో దులుపుతూ కూర్చున్నాడు. అమ్మ ఊరుకుంటుందా? "గొంగట్లో కూడు తింటా ఎంటికలు ఏరుకుంటే ఎట్ల పెద్దయ్యా?" అంది. తాత ఎంత నవ్వాడో! ఆయన కట్టుడు పళ్ళు జారిపోయేంత నవ్వు.

ఆ సంగతి ఊరూరా పాకింది. మా వైపు ప్రతి ఊళ్ళో భజన మందిరం ఉండేది, మందిరానికొక పెద్దచ్చు పురాణం ఉండేది, దాదాపు అన్నిటికీ నడుము విరిగే ఉండేది. త్రిపురాంతకం వైపునుంచి, దర్శి వైపునుంచి, గిద్దలూరు అవతల అడివి అంచు ఊళ్ళనుంచి సంచుల్లో, చాపల్లో చుట్టి పట్టుకొచ్చేవాళ్ళు. నేను బడినుంచి వచ్చి బొమ్మ కింద ఏముందో చదివి చెప్పాలి, అక్క దాన్నిబట్టి అంచు తేల్చుకోవాలి. ఒక పుస్తకానికి నెమలి అడుగులు. ఒకదానికి చేపముల్లు. ఒకదాంట్లో యుద్ధం బొమ్మ, సైన్యం చిన్న చిన్న చుక్కలుగా కొండమీదికి ఎక్కుతోంది. "చీమల బారు మాదిరుంది" అని, దాని అంచంతా నల్ల ముడులతో చీమల్ని నడిపించింది. ఏ రెండు పుస్తకాలకూ ఒకే అంచు వెయ్యలేదు. పని అయ్యాక పుస్తకం ఇల్లు దాటేటప్పుడు అమ్మ ఒక ఆచారం పెట్టింది. గడప దగ్గర గొంగడి పరిచి, పుస్తకాన్ని దానిమీద పెట్టి, పసుపు కుంకుమ అద్ది, పక్కన ఒడిబియ్యం పోసేది, కాపురానికి పోయే ఆడపిల్లకు పోసినట్టు. తీసుకుపోయేవాళ్ళు తలమీద పెట్టుకుని తీసుకుపోయేవాళ్ళు. అక్క వాకిట్లో నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసేది. "పురుగు పట్టదు కదా యల్లయ్యా?" అని ఎవరైనా అడిగితే నాయన గూట్లో ఉన్న నీలం రంగు మైలుతుత్తం గడ్డ చూపించేవాడు. "గంజిలో తుత్తం కలిపినా. మన మనవళ్ళు పోయినా పురుగు ముట్టదు" అనేవాడు. ఇంట్లో ఒకటి ఉంచుకోవాలని ఎవరికీ తోచలేదు. ఎవరి పుస్తకం వాళ్ళకు పోవాల్సిందే.

ఇదంతా ఎప్పుడు ఆగిపోయిందని అడిగితే చెప్పలేను. అక్కను గిద్దలూరిచ్చారు. కొన్నాళ్ళు పుట్టింటికొచ్చినప్పుడల్లా కుట్టింది. నాయన పోయాక మగ్గం గుంట పూడ్చేశారు. ఇప్పుడు మా వైపు జీవాల మందలకేం లోటు లేదు, కానీ వాటిమీద ఉన్ని లేదు. మాంసానికి పనికొచ్చే నున్నటి జాతి గొర్రెలే అన్నీ. నల్ల ఉన్ని గొర్రెను చూపించమంటే మా తమ్ముడి వరస కుర్రాళ్ళు నవ్వుతారు. చలికాలం బస్టాండు పక్కన గుట్టలుగా పోసి అమ్మే దుప్పట్లు కొనుక్కుంటాం. పులి బొమ్మలు, గులాబీ బొమ్మలు, ఒక్క ఉతుకుకే ఉండలు కట్టే పాలిస్టరు. వాటిని కప్పుకుంటే చెమట పడుతుంది గానీ వెచ్చదనం రాదు. పుస్తకాల సంగతి చెప్పనే అక్కర్లేదు, నా పుస్తకం గతి ముందే చెప్పాను. మునుపు అంతా బంగారమని నేననను. బడిలో ముక్కు మూసుకున్న పిల్లలు నాకింకా గుర్తే. కానీ ఒక వస్తువు చేస్తే అది మనకంటే ఎక్కువ రోజులు ఉండాలని చేసేవాళ్ళు. ఇప్పుడు ఆ ఆశ చేసేవాళ్ళకూ లేదు, కొనేవాళ్ళకూ లేదు.

వెతకడం సుబ్బరాయుడు తాత ఇంటినుంచే మొదలుపెట్టాను. ఆయన మనవడు స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. కాఫీ ఇచ్చి, మర్యాదగానే చెప్పాడు. "పాతిల్లు పడగొట్టేటప్పుడు అటక మీద సామానంతా పాత ఇనుపోనికి ఏసేసినాం అత్తా. మంచి మంచి పుస్తకాలే, బరువు బాగా తూగినాయి." కాఫీ తాగలేక అక్కడే పెట్టి లేచాను. తరవాతి ఊళ్ళో పుస్తకం చినిగిందని గుండ్లకమ్మలో వదిలేశారట. దేవుడి పుస్తకాన్ని చెత్తలో వెయ్యకూడదు, పారే నీళ్ళలో వదలాలి, మా వాళ్ళ నమ్మకం అది. పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి మరీ వదిలామని ఆ ఇంటి కోడలు గొప్పగా చెప్పింది. ఆ పిల్లనేమనాలి? తప్పు చేశానని కూడా తెలియదు పాపం. ఇంకో ఊళ్ళో మందిరమే లేదు, దాని జాగాలో నీళ్ళ ట్యాంకు ఉంది. రోజూ ఒక బస్సు, రెండు ఆటోలు, ఎండలో నడక, ఇంటికొచ్చి చూసుకుంటే ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. సాయంత్రం కాగానే సుజాత ఫోన్. "దొరికిందా చిన్నమ్మా? ఈ పొద్దు కూడా నీళ్ళు తప్ప ఏం తాగలేదు." ఒకరోజు ఆ పిల్ల మీద అరిచాను. "నేనేమన్నా జేబులో పెట్టుకుని ఇయ్యకుండా ఉన్నానా?" అన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లో కూలబడి ఏడ్చాను. పుస్తకం దొరకదని కాదు, అక్క దానికోసం ఎదురుచూస్తూ ఎండిపోతోందని.

చివరికి త్రిపురాంతకం అవతల ఒక చిన్న ఊళ్ళో ఉందన్నారు. మందిరం తాళంచెవి కాశయ్య అనే ముసలాయన దగ్గర ఉంటుంది. నా వయసుకంటే ఇంకో పది పదిహేనేళ్ళు పెద్ద. నేను ఎవరి కూతురినో చెప్పగానే చేతులు జోడించాడు. "యల్లయ్య బిడ్డవా తల్లీ! మీ నాయన కట్టిన పుస్తకం బంగారం మాదిరి పెట్టుకున్నాం. దినామూ దీపం ఎలిగిచ్చి దండం పెడతా" అన్నాడు. తలుపు తీశాడు. దేవుడి పటాల పక్క గూట్లో పసుపు గుడ్డ మూట. మూట విప్పితే, అమ్మా, ఎట్లా చెప్పను! నల్లటి గొంగడి అట్ట, నిన్న మొన్న కుట్టినట్టు ఉంది. అంచు చుట్టూ నల్ల ముడుల చీమలు వరస తప్పకుండా నడుస్తున్నాయి. మా అక్క! మా అక్కే! కాశయ్య ఎదురుగా ఉన్నాడని కూడా చూడకుండా దాన్ని మొహానికి ఆనించుకుని ఏడ్చేశాను. ఆ తరవాత రెండు చేతుల్లోకి తీసుకున్నాను. అక్కలాగా అరచేతుల మీద పెట్టుకున్నాను.

బరువు లేదు.

"ఎప్పుడు తెరిచినారు మామా దీన్ని?" అని అడిగాను.

"తెరిచి శానా కాలమైంది తల్లీ. చదివేవాళ్ళు యాడున్నారు? పైననే పూజ చేస్తాం."

తెరిచాను. ఒళ్ళో పిండి రాలింది. లోపల కాగితాలు జల్లెడ అయిపోయాయి. పేజీల అంచులున్నాయి, నడిమిలో ఏమీ లేదు. కొండమీదికి ఎక్కే సైన్యం లేదు, ఎర్ర తీగ లేదు, శనగ గింజలంత అక్షరాలు లేవు. కుట్టు దగ్గర, గంజి పూసిన చోట, పురుగు సొరంగాలు తవ్వి, అక్కడినుంచి లోపలికంతా పోయింది. గొర్రె జిడ్డు వాసనకో ఏమో, గొంగడిని మాత్రం ముట్టలేదు. కాశయ్య ఒంగి చూసి, ఆ పిండిని వేళ్ళతో తాకి, నేలమీద కూలబడిపోయాడు. "ఇన్నేండ్లు నేను దండం పెట్టింది ఈ పిండికా తల్లీ?" అన్నాడు. వచ్చేటప్పుడు పుస్తకం అడిగితే, తీసుకుపొమ్మని చెయ్యి ఊపాడు. మొహం ఎత్తి చూడలేదు.

బస్సులో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక మా అమ్మ చెప్పిన సంగతి గుర్తొచ్చింది. నాయన పోయిన ఏడాది, ఇల్లు సర్దుతుంటే గూట్లో మైలుతుత్తం గడ్డ కనిపించింది. ఏళ్ళ తరబడి వాడినా అరగలేదేంటని అడిగాను. "దాన్ని యాడ వాడినాడు మీ నాయన?" అంది అమ్మ. సుబ్బరాయుడు తాత పుస్తకానికి మాత్రం వేశాడట. అక్కకు దారాన్ని నోట్లో తడిపే అలవాటు కదా, గంజి అంటిన వేళ్ళతోనే దారం కొరికేది. నోరంతా పుండ్లు లేచి, వాంతులయ్యి మంచాన పడింది. జ్వరమొచ్చిందనుకున్నాం మేమంతా. అది తుత్తం విషమని నాయనకు మాత్రం అర్థమైంది. ఆ తరవాత ఏ పుస్తకానికీ వెయ్యలేదు. అడిగినవాళ్ళకు గడ్డ చూపించి వేశానని చెప్పేవాడు, అక్కకు కూడా అదే చెప్పాడు. "నోట్లో పెట్టుకోవద్దంటే ఆ పిల్ల ఇంటాదా? తుత్తం ఎయ్యకపోతే పుస్తకం నిలవదని తెలిస్తే సూది ముడతదా? పిల్ల పని మానుకుంటే నేను సూడలేనన్నాడు మీ నాయన" అంది అమ్మ. ఆ రోజు విని నవ్వుకున్నాను. నాయన అబద్ధం ముద్దుగా అనిపించింది. ఇప్పుడు బస్సు కుదుపుకు మూట అంచుల్లోంచి పిండి నా చీరమీద రాలుతుంటే, లెక్క తెలిసింది. తుత్తం కలిపిన ఒకే ఒక్క పుస్తకం పాత ఇనుప కొట్టుకు పోయింది. మిగిలినవన్నీ తుత్తం లేని ఉత్త గంజితో కట్టినవే. ఏ ఊళ్ళో ఏది ఉన్నా ఇట్లాగే ఉంటుంది. అక్క బతుకులో తను చేసిందని చెప్పుకునేది ఒక్కటి, అది ఆమె మీద నాయనకున్న ప్రేమ వల్లనే పురుగు పట్టిపోయింది. ఎవరిని తిట్టాలి నేను?

లోపల వేరే కాగితాలు పెట్టి బరువు చేద్దామా అని కూడా ఆలోచించాను. ఇంటికి పోయి పాత పత్రికలు తీశాను కూడా. అక్క చేతిని మోసం చెయ్యడం నావల్ల అయ్యే పనేనా? మర్నాడు ఉన్నదున్నట్టే గిద్దలూరు పట్టుకుపోయాను.

సుజాత ఆమెను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. మూట విప్పి ఒళ్ళో పెట్టాను. అక్క వేళ్ళు అట్టమీద పడ్డాయి. అంచు దొరకగానే ఆగాయి. ఒక్కో ముడినీ తడుముతూ ఆ మూలనుంచి ఈ మూలకు వచ్చింది. "చీమలు" అంది. "చీమలే లచ్చిమీ." ఎన్నాళ్ళకో ఆ మొహంలో వెలుగు చూశాను. సుజాత నా భుజం పట్టుకుంది. అక్క పుస్తకాన్ని రెండు అరచేతుల మీదికి ఎత్తుకుంది.

మొహం మారిపోయింది. ఇంకోసారి ఎత్తి చూసింది. నడిమికి తెరవబోయి, పిండి వేళ్ళకు తగలగానే ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పురుగు తిన్నది" అంది.

నేను ఆమె వేళ్ళకు అంటిన పిండిని కొంగుతో తుడిచాను.

"నా పుస్తకానికి పురుగెట్ల పడతాది? నాయన తుత్తం ఏసినాడు కదే. ఎంత ఏసేవాడో నాకు తెలీదా? ఆ గడ్డ నా కండ్ల ముందరే ఉండె." ఊపిరి అందక ఆగింది. నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో, నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. "నిజం చెప్పు. ఇది నాదేనా? నాయన తుత్తం ఎయ్యలేదా?"

అవునంటే నాయన ఎందుకు వెయ్యలేదో చెప్పాలి. ఆమె నోరు, ఆమె దారం, ఆమె పుండ్లు అన్నీ చెప్పాలి. ఊరూరా పోయిన పుస్తకాలన్నీ ఇట్లాగే అయ్యాయని చెప్పాలి. ఆ చీమల్లో ప్రతి ముడీ వేసింది ఆమేనని నాకు తెలుసు, పక్కన కూర్చుని చూసినదాన్ని.

"కాదక్కా" అన్నాను. "ఇది నీది కాదు. నువ్వు కట్టింది చూసి ఎవరో కట్టుకున్నారంట. తుత్తం ఎయ్యడం తెలీక చెడిపోయింది."

అక్క పట్టు వదులైంది. పుస్తకాన్ని ఒళ్ళోంచి పక్కకు నెట్టేసింది, ఎవరిదో ఎంగిలి కంచం నెట్టినట్టు. "అనుకున్నా" అంది. "ముడులు కూడా వదులుగా ఏసినారు. నాకు పేరు చెడగొట్టను గాకపోతే!" కాసేపు అట్లా ఊపిరి తీసుకుంటూ ఉండి, "అయితే నాది యాడో బాగనే ఉండాది. దర్శి దిక్కు చూసినావా?" అని అడిగింది.

"లేదక్కా."

"చూడు. ఆ దిక్కుకు మంచి మంచివి పోయినాయి. అందాక నేను ఉండాల కదా. సుజాతా, కొంచెం గంజి తాపు."

సుజాత పరుగెత్తింది. అక్క నాలుగు చెంచాలు తాగింది, నోరు తుడిపించుకుంది, నిద్రపోయింది. నేను దుప్పటి మీద రాలిన పిండిని చేత్తో ఎత్తి కొంగులో కట్టుకున్నాను. మా అక్క చేసిన ఒకే ఒక్క పనిని ఆమెది కాదని ఆమెకు చెప్పింది నేను. నా నోటితోనే చెప్పాను.

అప్పటినుంచీ దర్శి వైపు తిరుగుతున్నాను. పొద్దున్నే బస్సెక్కి ఏదో ఒక ఊళ్ళో దిగుతాను. మందిరం ఎక్కడని ఎవరినీ అడగను, ఇట్లాంటిదే ఇంకోటి దొరుకుతుందేమోనని భయం. రచ్చబండ దగ్గరో, టీ కొట్టు దగ్గరో కాసేపు కూర్చుని, ఊరి పేరు గుర్తుపెట్టుకుని తిరిగొస్తాను. సాయంత్రం ఫోన్లో "ఈ పొద్దు ఈ ఊరు చూసినానక్కా, ఈడ లేదు" అంటాను. "రేపు ఏ ఊరు?" అంటుంది. చెబుతాను. అవతల చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినిపిస్తుంది. మా అక్క ఉన్నన్నాళ్ళూ ఊళ్ళు అయిపోకుండా ఉంటే నాకదే చాలు.